రెండు కాగితాలు పక్కపక్కన

అప్పట్లో నేను ఒక జిల్లా కేంద్రంలో చిన్న నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ డాక్టర్ని. ఒకరోజు సాయంత్రం ఏడింటికి రైస్ మిల్లు గుమాస్తా ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మధ్యాహ్నం లెక్కలు రాస్తుంటే గుండెల మీద బస్తా పెట్టినట్టు అయిందట. అరగంట సేపు అలాగే ఉండి, చెమటకి చొక్కా మొత్తం తడిసిపోయిందట. సోడా తాగాక తగ్గింది. "ఇప్పుడేం లేదండీ, మా ఆవిడ ఊరుకోదు" అని నవ్వాడు. ఈసీజీ తీశాం. ఎస్‌టీ ఎక్కడా లేవలేదు. వి2, వి3లో మాత్రం టీ వేవ్ కాస్త పైకి లేచి, చివర్లో గీత కిందికి మునిగింది. 'నాన్ స్పెసిఫిక్' అని రాశాను. అర్థం కానిదాన్ని మర్యాదగా చెప్పడానికి మా వాళ్లు కనిపెట్టిన మాట అది. రాత్రికి ఉంచుదాం, పొద్దున టీఎంటీ చేద్దాం అన్నాను.

రెండున్నరకి మళ్లీ నొప్పి. మళ్లీ ఈసీజీ. ఈసారి వి2, వి3లో టీ వేవ్‌లు నిటారుగా, పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఈసీజీ బాగుపడింది, గ్యాసే అయ్యుంటుంది, పాంటాప్ పెట్టండి" అన్నాను. సిస్టర్ నాకంటే పాతికేళ్లు పెద్దావిడ. ఇంజెక్షన్ ఎక్కించకుండా కేసు షీటు తెరిచి, సాయంత్రం తీసిన కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని పక్కన కొత్తది పెట్టింది. "నొప్పి లేనప్పుడు అలా ఉంది. నొప్పి వచ్చాక ఇలా బాగైందా సార్?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పది నిమిషాలాగి మూడోది తీశాం. వి1 నుంచి వి4 దాకా ఎస్‌టీ గోడలా లేచి కూర్చుంది.

ఆయన బతికాడు. అంబులెన్సులో సిటీకి వెళ్లి స్టెంటు వేయించుకున్నాడు. ఆ రాత్రి నేను పోగొట్టింది పదిహేను, ఇరవై నిమిషాలే అని లెక్క చెప్పొచ్చు. కానీ సాయంత్రం ఏడింటి కాగితాన్ని చదవడం వచ్చి ఉంటే ఆయన ఆ రాత్రి మా దగ్గర ఉండాల్సిన మనిషే కాదు. ఈ అధ్యాయంలో నేను నేర్పబోయేది ఆ సిస్టర్ చేసిన పనే, పక్కపక్కన పెట్టి చూడటం. డ్యూటీ డాక్టర్లు, హౌస్ సర్జన్లు, ఈసీజీ తీసే నర్సులు, టెక్నీషియన్లు నా మొదటి పాఠకులు. ఇంట్లో షుగరో బీపీయో ఉన్న పెద్దవాళ్లున్న మిగతావాళ్లు కూడా చదవండి, చివర్లో మీకూ పని ఉంది.

ఆ సాయంత్రం కాగితానికి ఒక పేరుంది

నెదర్లాండ్స్‌లో హైన్ వెల్లెన్స్ బృందం 1982లోనే ఈ ఆకారాన్ని వర్ణించింది. అస్థిరమైన ఛాతీ నొప్పితో చేరిన 145 మందిలో 26 మందికి వి2, వి3లో టీ వేవ్ ఇలా వంకర తిరిగి గానీ, లోతుగా తలకిందులై గానీ కనిపించింది. వాళ్లలో ఆపరేషన్ జరగని 16 మందిలో 12 మందికి కొన్ని వారాల్లోనే గుండె ముందు గోడకి పెద్ద ఎటాక్ వచ్చింది. ఇప్పుడు దీన్ని వెల్లెన్స్ సిండ్రోమ్ అంటాం.

లోపల జరిగేది ఇది. గుండె ముందు గోడకి రక్తమిచ్చే పెద్ద నాళం ఎల్‌ఏడీ. అందులో గడ్డ కట్టి నాళం మూసుకుంటుంది. నొప్పి మొదలవుతుంది. మనిషి అదృష్టం కొద్దీ ఆ గడ్డ కొంత తనంతట తానే కరిగి దారి తెరుచుకుంటుంది. నొప్పి పోతుంది. అప్పుడు, అంటే రక్తం మళ్లీ పారడం మొదలయ్యాక, టీ వేవ్ తలకిందులవుతుంది. కాబట్టి ఆ వంకర టీ వేవ్ ఒక దెబ్బ తగిలి తప్పిపోయిన గుర్తు. నాళం మళ్లీ మూసుకుంటే టీ వేవ్ కింది నుంచి పైకి లేస్తుంది. లేచే దారిలో కాసేపు మామూలు ఈసీజీలా కనిపిస్తుంది. నాకు ప్రాణం లేచొచ్చిన కాగితం సరిగ్గా ఆ కాసేపట్లో తీసినది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఈ ఆకారం నొప్పి లేనప్పుడే కనిపిస్తుంది. అందుకే పేషెంటు నవ్వుతూ ఉంటాడు, మనమూ నవ్వుతాం. ట్రోపోనిన్ కూడా మామూలుగానో, కొద్దిగా పెరిగో ఉండొచ్చు. రెండోది, ఇలాంటివాళ్లని ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు. వాళ్లకి కావలసింది యాంజియోగ్రామ్. పొద్దున టీఎంటీ చేద్దామని నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఒక మిల్లీమీటరు ఎక్కడిది?

ఈసీజీలో ఎస్‌టీ లేవడం అంటే కరోనరీ నాళం మూసుకోవడం అని న్యూయార్క్ డాక్టరు హెరాల్డ్ పార్డీ 1920లో రాశాడు. అప్పటికి మూసుకున్న నాళాన్ని తెరిచే మందు లేదు. 1980లో డివుడ్ అనే డాక్టరు ఎటాక్ వచ్చిన మొదటి గంటల్లోనే యాంజియోగ్రామ్ చేసి చూస్తే, నాలుగు గంటల లోపు వచ్చినవాళ్లలో 87 శాతం మందికి నాళం పూర్తిగా మూసుకుని ఉంది. 1986లో ఇటలీ వాళ్ల జిస్సీ, 1988లో ఐసిస్-2 ప్రయోగాలు స్ట్రెప్టోకైనేజ్ ప్రాణం నిలబెడుతుందని తేల్చాయి. ఇక ఎవరికివ్వాలి అన్న ప్రశ్న వచ్చింది. యాంజియో అందరికీ చేయలేరు కదా, కాగితం మీద గీతని కొలిచారు. పక్కపక్క లీడ్లు రెండింటిలో ఒక మిల్లీమీటరు. వి2, వి3లో అయితే నలభై దాటిన మగవాళ్లకి 2, నలభై లోపు మగవాళ్లకి 2.5, ఆడవాళ్లకి 1.5.

ఈ కొలత మంచిదే. దాని వల్ల లక్షల మంది బతికారు. కానీ నాళానికి మన స్కేలు సంగతి తెలియదు. ఎస్‌టీ లేవలేదని పక్కన పెట్టిన ఎటాక్ కేసుల్లో, తర్వాత యాంజియో చేసినప్పుడు నలుగురిలో ఒకరికి నాళం పూర్తిగా మూసుకునే ఉందని 40 వేలకు పైగా పేషెంట్లని కలిపి చూసిన 2017 విశ్లేషణ చెప్పింది. అందుకని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న మార్చుకోండి. "మిల్లీమీటరు లేచిందా?" అని కాకుండా "ఈ నిమిషాన ఏదైనా నాళం మూసుకుని ఉందా?" అని అడగండి. మొదటిదానికి స్కేలు చాలు, రెండోదానికి కళ్లు కావాలి.

3కి ఎదురుగా ఏవీఎల్

పన్నెండు లీడ్లంటే ఒకే గుండెని పన్నెండు కిటికీల్లోంచి చూడటం. 2, 3, ఏవీఎఫ్ కింది నుంచి, అంటే కాళ్ల వైపు నుంచి చూస్తాయి. ఏవీఎల్ ఎడమ భుజం మీద నుంచి చూస్తుంది. 3, ఏవీఎల్ దాదాపు ఎదురెదురు కిటికీలు. ఒకదానిలో లేచింది రెండోదానిలో దిగుతుంది.

కుడి కరోనరీ నాళం మూసుకుని గుండె అడుగు గోడ దెబ్బతింటున్నప్పుడు, మొదట్లో 3లో ఎస్‌టీ అర మిల్లీమీటరే లేవొచ్చు. ఎవరి కంటికీ ఆనదు. అదే నిమిషంలో ఏవీఎల్‌లో చిన్న గుంట పడుతుంది, టీ వేవ్ తలకిందులవుతుంది. చాలాసార్లు ఆ గుంటే ముందు కనిపిస్తుంది. ఆపైన పొట్ట పైభాగంలో నొప్పి, వాంతులు, చెమటలు. మన దగ్గర వీటన్నిటికీ కలిపి ఉన్న పేరు 'గ్యాస్'. కాబట్టి గ్యాస్ అని వచ్చిన ప్రతి మనిషి ఈసీజీలోనూ నేను ముందు ఏవీఎల్ దగ్గర ఆగుతాను. అక్కడ గుంట ఉంటే వేలు 3 మీదికి పోతుంది. మీ వేలికి కూడా ఈ దారి అలవాటు చేయండి. వారం రోజులు చేస్తే మానమన్నా మానదు.

అడుగు గోడ ఎటాక్ అని అనుమానం వస్తే ఇంకో పని. వి4లో పెట్టే బల్బుని తీసి, ఛాతీకి కుడివైపు అదే చోట పెట్టి ఇంకో కాగితం తీయండి. అక్కడ ఎస్‌టీ లేస్తే కుడి జఠరిక కూడా దెబ్బతిన్నట్టే. అలాంటి మనిషికి అలవాటుగా నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేస్తే బీపీ ఒక్కసారిగా కూలిపోవచ్చు. రెండు నిమిషాల పని ఇది, బద్ధకించకండి.

టీ వేవ్ పక్కన దాని క్యూఆర్ఎస్

నాళం మూసుకున్న మొదటి నిమిషాల్లో ఎస్‌టీ ఇంకా లేవదు. ముందు టీ వేవ్ ఉబ్బుతుంది. మామూలు టీ వేవ్ మెల్లగా ఎక్కి గబుక్కున దిగుతుంది. ఉబ్బిన టీ వేవ్ రెండు వైపులా ఒకేలా, అడుగు వెడల్పుగా, బోర్లించిన ముంతలా ఉంటుంది. ఎత్తు ఎంత అని కొలిస్తే మోసపోతాం. చిన్న క్యూఆర్ఎస్ పక్కన నాలుగు మిల్లీమీటర్ల టీ కూడా పెద్దదే, పెద్ద క్యూఆర్ఎస్ పక్కన ఎనిమిదీ మామూలే. ఇంటిని చూసి గుమ్మం పెద్దదా చిన్నదా అంటాం కదా, అలాగ. పొటాషియం పెరిగినా టీ లేస్తుంది. కాకపోతే అప్పుడు ముంత కాదు, సన్నని శిఖరం, అడుగు ఇరుకు.

ఈ వరసలోదే 2008లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డి వింటర్ రాసింది. వి1 నుంచి వి6 దాకా క్యూఆర్ఎస్ అయిపోయిన చోట గీత ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు కిందికి దిగి, అక్కణ్ణుంచి ఏటవాలుగా ఎక్కుతూ పొడుగాటి టీ వేవ్‌లో కలిసిపోతుంది. గీత దిగింది కదా, ఎస్‌టీ లేవలేదు కదా అని పేషెంటుని జనరల్ వార్డుకి పంపిస్తారు. ఆయన చూసిన 1,532 ముందు గోడ ఎటాక్‌లలో 30 మందికి ఈ ఆకారం ఉంది. వందలో ఇద్దరే. అయినా ఆ ఇద్దరికీ మూసుకున్నది ఎల్‌ఏడీ మొదలు. ఒక్కసారి చూస్తే మర్చిపోలేని ఆకారం. మీ ఫోన్‌లో ఒక మంచి నమూనా దాచుకోండి.

కాగితం తిరగేయడం

గుండె వెనక గోడని చూసే కిటికీ మామూలు ఈసీజీలో లేదు. సర్కమ్‌ఫ్లెక్స్ అనే నాళం మూసుకుంటే తరచూ జరిగేది ఇదే. ఇల్లు వెనక వైపు కాలుతుంటుంది, మనం వీధి గుమ్మంలో నిలబడి ఉంటాం. అద్దంలో చూసినట్టు, వెనక లేచింది ముందు వి1, వి2, వి3లో దిగినట్టు కనిపిస్తుంది. ఆర్ వేవ్ పొడుగవుతుంది, టీ నిటారుగా ఉంటుంది.

అనుమానం వస్తే కాగితాన్ని తలకిందులు చేసి, వెనక్కి తిప్పి, ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకుని చూడండి. వెనక నుంచి కనిపించే గీతలో ఎస్‌టీ లేచి ఉంటే అది హార్ట్ ఎటాకే అయ్యుండొచ్చు. నేను నేర్పిన చిట్కాల్లో పిల్లలు ఎక్కువ నవ్వినది, ఎక్కువ వాడినది ఇదే. ఆ తర్వాత బల్బులు వీపు వైపుకి, ఎడమ రెక్క ఎముక కిందికి జరిపి వి7, వి8, వి9 తీయండి. అక్కడ అర మిల్లీమీటరు చాలు.

దాదాపు అన్ని లీడ్లలో ఎస్‌టీ దిగి, ఏవీఆర్‌లో ఒక్కదానిలో లేచిందంటే సంగతి వేరు. ఎడమ ప్రధాన నాళమో, మూడు నాళాలో బాగా ఇరుకై ఉండొచ్చు. విపరీతమైన రక్తహీనతలోనూ, రక్తస్రావంలోనూ ఇది వస్తుంది. హిమోగ్లోబిన్ చూడకుండా గుండె మీదికి తోసేయకండి.

తప్పుగా భయపడటం

అన్నీ ఎటాకులే అనిపించే దశ ఒకటి వస్తుంది, రావాలి కూడా. ఏళ్ల తరబడి బీపీ ఉన్న మనిషి గుండె గోడ మందమై వి1, వి2లో ఎస్‌టీ లేచే ఉంటుంది. కబడ్డీ ఆడే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఏ జబ్బూ లేకుండానే ఎస్‌టీ కాస్త ఎత్తులో ఉండొచ్చు. గుండె పొర వాపులో చాలా లీడ్లలో కలిపి లేస్తుంది, ఎదురు కిటికీలో గుంట మాత్రం పడదు. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉంటే లెక్కలే వేరు. దానికి 1996లో సగర్బోసా ఇచ్చిన సూత్రాలున్నాయి, విడిగా నేర్చుకోవాలి.

వీటి మధ్య తేడా తెలియనప్పుడు కాపాడేది పాత ఈసీజీ. "పాతది ఉందా?" అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది ఇంట్లో ఉందంటారు. ఇంట్లో ఉన్నవాళ్ల చేత ఫోటో తీయించి వాట్సాప్‌లో పెట్టించండి. ఆ రెండు నిమిషాలు వృథా కావు.

అసలు ఈసీజీ సరిగా తీశారా అనేది కూడా చూడాలి. లీడ్ 1 మొత్తం తలకిందులై, ఏవీఆర్ నిటారుగా ఉంటే ముందు చేతి క్లిప్పులు మార్చి చూడండి, తొంభై శాతం కుడీ ఎడమా మారిపోయి ఉంటాయి. వి1, వి2 బల్బులు నాలుగో పక్కటెముక సందులో ఉండాలి. హడావుడిలో మెడ కిందే అతికిస్తారు, అప్పుడు లేని జబ్బు కాగితం మీదికి వస్తుంది. ఆడవాళ్లకి వి4 నుంచి బల్బులు రొమ్ము కింద పెట్టాలి. సిగ్గుపడి పైన పెట్టడం అటు ఆమెకీ, ఇటు కాగితానికీ అన్యాయం.

కాగితం పైన మిషను అచ్చేసే మాటలు నేను చివర చదువుతాను. ముందే చదివితే కన్ను అదే చూస్తుంది. చేతి గడియారాల్లో వచ్చే ఈసీజీ ఒకే కిటికీ. గుండె లయ తప్పితే పట్టుకుంటుంది గానీ నాళం మూసుకుంటే చెప్పదు. తయారుచేసేవాళ్లే ఆ మాట రాస్తారు.

మొదటి కాగితం, రెండో కాగితం

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల లోపు మొదటి ఈసీజీ. అది బాగుండి నొప్పి ఉంటే, మొదటి గంటలో పదిహేను నుంచి ముప్పై నిమిషాలకొకటి. నొప్పి పెరిగినా, తగ్గినా ఇంకొకటి. బల్బులు పెట్టిన చోట పెన్నుతో చుక్క పెట్టండి, రెండోసారి అక్కడే పెట్టాలి. లేకపోతే చోటు మారడం వల్ల వచ్చిన తేడాని జబ్బు అనుకుంటాం. ప్రతి కాగితం మీదా టైము, 'నొప్పి ఉంది', 'నొప్పి లేదు' అన్న రెండు మాటల్లో ఒకటి. నా గుమాస్తా కాగితాల మీద ఆ మాట నేను రాయలేదు. రాసి ఉంటే రెండున్నరకి అంత సంతోషపడేవాణ్ణి కాదు.

అనుమానం గట్టిపడితే పెద్దవాళ్లకి వాట్సాప్ చేయండి. కాగితాన్ని చదునుగా పరిచి, పన్నెండు లీడ్లూ ఒకే ఫోటోలో వచ్చేలా, మీ నీడ పడకుండా. కింద ఒక్క వాక్యం చాలు: "52, మగ, షుగర్ ఉంది, 40 నిమిషాలుగా నొప్పి, ఇంకా తగ్గలేదు, చెమటలు, ఈసీజీ 2.10కి, బీపీ 110." 'సార్ ప్లీజ్ సీ' అని మాత్రం పంపితే నిద్రలో ఉన్న కార్డియాలజిస్టు పొద్దున్నే చూస్తాడు. పంపాక ఫోన్ చేయండి. అడ్డేమీ లేకపోతే 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మాత్రం మీ ఊహతో వద్దు. ఎస్‌టీ లేచినవాళ్లకి అది ప్రాణం, ఎస్‌టీ కేవలం దిగినవాళ్లకి చాలామందిలో రక్తస్రావం తప్ప లాభం లేదు. వెల్లెన్స్, డి వింటర్ లాంటివి కనిపిస్తే క్యాథ్ ల్యాబ్ ఉన్నచోటికి దారి చూడండి, ఇవ్వాలా వద్దా అనేది అవతలివాళ్లతో మాట్లాడి తేల్చుకోండి.

ఇక ఇంట్లోవాళ్ల పని. గుండెల్లో పట్టేసి చెమటలు పడితే సోడా, ఇంజెక్షన్ అంటూ కూర్చోకుండా 108కి చేయండి. ఈసీజీ 'నార్మల్' అని ఇంటికి పంపుతుంటే, నొప్పి ఇంకా ఉంటే, "ఇంకొకటి తీస్తారా?" అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు. షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లకి బాగున్నప్పుడే ఒక ఈసీజీ తీయించి దాచండి, అదే రేపటి డాక్టరుకి పక్కన పెట్టి చూసుకునే కాగితం. అయితే చాలా మిషన్లు వేడికి నల్లబడే కాగితం మీద గీస్తాయి. రెండు మూడేళ్లలో గీతలు వెలిసిపోతాయి. వెంటనే ఫోటో తీసి, జిరాక్స్ కూడా తీయించండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. ఒకాయన వాళ్ల నాన్నగారి ఈసీజీని ఎంతో జాగ్రత్తగా లామినేట్ చేయించి తెచ్చాడు. నా చేతికి వచ్చింది మెరిసే నల్లటి అట్ట. దాని మూల బాల్‌పెన్నుతో రాసిన తేదీ ఒక్కటే, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే, చదవడానికి వీలైంది.